అద్దె వాటా ఎగ్గొట్టిన రూమ్మేట్

ప్రశ్న: మియాపూర్‌లో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ నా పేరు మీద అద్దెకు తీసుకున్నాను. అద్దె 18 వేలు. స్నేహితుడికి ఒక గది ఇచ్చాను, చెరిసగం అని నోటిమాట. ఏడాది సరిగ్గా ఇచ్చాడు. ఆ తర్వాత పది నెలలు పైసా ఇవ్వలేదు, మొత్తం నేనే కట్టాను. అతను ఖాళీ చేసి రెండేళ్ల రెండు నెలలైంది. సొంత తమ్ముడిలా చూసుకున్నాను. అతని డిగ్రీ సర్టిఫికెట్లు నా దగ్గరే ఉన్నాయి. డబ్బు ఇచ్చేదాకా ఇవ్వకుండా ఉండొచ్చా? అడిగితే, ‘సబ్‌లీజుకిచ్చావని (అద్దె ఇంటిని ఇంకొకరికి అద్దెకిచ్చావని) ఓనర్‌కి చెబుతా’ అంటున్నాడు.

జవాబు: సర్టిఫికెట్లు ముందు తిరిగి ఇచ్చేయండి, అందినట్టు సంతకం తీసుకోండి. అవి పట్టుకుంటే మీ బాకీ వసూలు కాదు సరికదా, అతను పోలీస్ స్టేషన్‌కు వెళ్తే జవాబు చెప్పుకోవాల్సింది మీరే.

తమ్ముడిలా చూసుకున్న సంగతి కోర్టుకు అక్కర్లేదు. చూసేది తేదీలు. ఇలాంటి బాకీకి లిమిటేషన్, అంటే దావా వేయడానికి చట్టం ఇచ్చే గడువు, మూడేళ్లు, అదీ ఏ నెల వాటాకు ఆ నెల నుంచే లెక్క. మీరు చెప్పినదాన్ని బట్టి మొదటి నెల 9 వేలకు గడువు ఈ నెలలోనే తీరిపోతుంది. ఆలస్యం చేసిన కొద్దీ నెలకో 9 వేలు పోతాయి. ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారు? లాయర్ నోటీసు ఇచ్చినంత మాత్రాన గడువు ఆగదు, దావా వేయాలి. ఈలోపు బాకీ ఒప్పుకుంటూ అతను సంతకం చేసి ఇస్తే, ఇంకా గడువు తీరని నెలలకు ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు వస్తాయి. ‘ఇస్తాలే బ్రో’ అన్న వాట్సాప్ మెసేజ్‌నే నమ్ముకుని కూర్చోకండి.

అగ్రిమెంట్‌లో అతని పేరు లేదు కాబట్టి ఓనర్‌కు బాధ్యులు మీరొక్కరే. అతని మీద మీకున్నది నోటి ఒప్పందం. అదీ చెల్లుతుంది, కానీ రుజువు కావాలి. మొదటి ఏడాది అతను నెలనెలా పంపిన 9 వేలే ఆ రుజువు. ఆ బ్యాంకు స్టేట్‌మెంట్, మీరు ఓనర్‌కు కట్టిన లెక్క తీసి పెట్టుకోండి. ఫోన్ మార్చొద్దు, చాట్ చెరపొద్దు. ఆ చాట్ ప్రింట్లు దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్ (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ కింద, అవి అసలైనవేనని ధ్రువీకరించే సర్టిఫికెట్ జతచేయాలి.

సబ్‌లీజు బెదిరింపుకు టెన్షన్ పడకండి. మీరు అదే ఇంట్లో ఉంటూ అద్దె పంచుకున్నారు. ఇంటి స్వాధీనం వదులుకోనంతవరకు మామూలుగా అది సబ్‌లీజు అనిపించుకోదు. అయినా అగ్రిమెంట్‌లో ‘వేరేవాళ్లను ఉంచరాదు’ అని ఉందేమో చదువుకోండి. సంతకం పెట్టేముందే చదవాల్సింది.

జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో దావా వేయండి. రాజీకి వస్తానంటే లోక్ అదాలత్‌లో తేల్చుకోవచ్చు, అక్కడి అవార్డు (రాజీ ఉత్తర్వు) కోర్టు డిక్రీతో, అంటే తీర్పుతో సమానం. ముందు అతని ఇప్పటి చిరునామా కనుక్కోండి, సమన్లు అందకపోతే కేసు కదలదు.