తమ్ముడి ఎముకల జబ్బు గురించి చదవాలంటోంది, ఏ దారిలో పంపాలి?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మా అబ్బాయికి పసితనం నుంచీ చిన్న దెబ్బకే ఎముకలు విరుగుతున్నాయి, కంటి తెల్లగుడ్డు కొంచెం నీలంగా ఉంటుంది. విశాఖలో చూపిస్తే ఆస్టియోజెనిసిస్ ఇంపెర్‌ఫెక్టా అన్నారు, ఏ రకమో తేలాలంటే జన్యు పరీక్ష చేయించమన్నారు. మా అమ్మాయి ప్లస్ టూ సైన్స్ మొదటి ఏడాది. ‘ఇలాంటి జబ్బులను ఎలా గుర్తుపడతారో, ఎలా విడదీస్తారో అదే చదువుతా’ అంటోంది. ఎముకల డాక్టర్ చదువు చదివితే సరిపోతుందా? నీట్‌లో సీటు రాకపోతే ఏంటి గతి?

జవాబు: అయ్యా, విరిగిన ఎముకను కట్టేది, వంకర తిరిగితే లోపల రాడ్ వేసి సరిచేసేది ఎముకల డాక్టరే. అసలు ఎందుకు విరుగుతోంది, ఇంట్లో ఇంకెవరికైనా వస్తుందా అని తేల్చేది మెడికల్ జెనెటిక్స్ వాళ్లు. మీ అమ్మాయి మనసు ఈ రెండో పని మీద ఉంది. అలాంటి చదువు నిజంగానే ఉంది.

ఆ పని ఎలా ఉంటుందో కొంచెం వివరంగా చెప్తాను, అమ్మాయికి కూడా చదివి వినిపించండి. పుట్టుకతో వచ్చే ఎముకల జబ్బులకు ప్రపంచమంతా ఒకే పేర్లు వాడాలని 1970 ప్రాంతంలో ప్యారిస్ నుంచి తొలి అంతర్జాతీయ జాబితా వచ్చింది. అప్పట్లో ఆధారం మనిషి రూపమూ ఎక్స్‌రేనే. 2023లో సవరించిన జాబితాలో 771 జబ్బులు, 41 గుంపులు, వాటికి కారణమైన 552 జన్యువులు ఉన్నాయి. జన్యువులు ఇన్ని తెలిసినా ఎక్స్‌రే చదివే కన్ను ఇప్పటికీ కావాలి. చేతులూ కాళ్లూ పొట్టిగా ఉండి మనిషి మరుగుజ్జుగా ఉండిపోయే ఎకాండ్రోప్లేసియానే చూడండి. మామూలు వెన్నెముకలో నడుము దగ్గర పూసలకు రెండు పక్కలా కనిపించే చుక్కల మధ్య దూరం కిందికి వెళ్లేకొద్దీ పెరుగుతుంది. ఈ జబ్బులో అది తగ్గుతూ పోతుంది. తెలిసిన డాక్టర్ ఫిల్మ్ లైటుకు పెట్టగానే ఆ రెండు చుక్కల వరసలు దగ్గరపడటం పట్టేస్తారు. ఆ తర్వాత ఎఫ్‌జీఎఫ్‌ఆర్3 అనే జన్యువును చూసి ఖాయం చేస్తారు. ఈ జబ్బుతో పుట్టే పిల్లల్లో నూటికి ఎనభై మంది తల్లిదండ్రులు మామూలు ఎత్తువాళ్లే.

మీ అబ్బాయి జబ్బును 1979లో ఆస్ట్రేలియా డాక్టర్ డేవిడ్ సిల్లెన్స్ నాలుగు రకాలుగా విడదీశారు. మొదటిది తేలికైనది, తెల్లగుడ్డు నీలంగా ఉండటం అందులో మామూలు. రెండోది పుట్టిన కొద్దిరోజుల్లోనే ప్రాణం తీసేది. మూడోది బతికిన పిల్లల్లో అన్నిటికన్నా తీవ్రమైనది, నాలుగోది ఒకటికీ మూడుకూ మధ్య. ఎక్కువమందిలో తప్పు, ఎముకకు బలమిచ్చే కొలాజెన్ అనే ప్రోటీన్‌ను తయారుచేసే రెండు జన్యువుల్లో ఉంటుంది, కొద్దిమందిలో వేరే జన్యువుల్లో. మీ ఇంటికి ఈ తేడాయే ముఖ్యం. పిల్లాడిలోనే కొత్తగా వచ్చిన మార్పు అయితే తర్వాతి కాన్పుకు భయం చాలా తక్కువ. తల్లీ తండ్రీ ఇద్దరూ తెలియకుండా మోస్తున్నదైతే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు. మేనరికం ఉంటే డాక్టర్‌కు మొహమాటం లేకుండా చెప్పండి, ఆ ఒక్క మాట పరీక్షకు దారి చూపిస్తుంది. పిల్లాడి పాత ఎక్స్‌రేలు పారేయకండి. ఎదుగుదల ఆగాక, ఎముకల చివర్లలో పెరిగే భాగం మూసుకుపోయాక కొన్ని గుర్తులు మళ్లీ కనిపించవు.

చదువు సంగతికి వస్తే, డాక్టర్ దారి పొడుగు. ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఎంబీబీఎస్ ఐదున్నరేళ్లు, పిల్లల వైద్యంలోనో జనరల్ మెడిసిన్‌లోనో ఎండీ మూడేళ్లు, ఆపైన డీఎం (సూపర్ స్పెషాలిటీ చదువు) మెడికల్ జెనెటిక్స్ ఇంకో మూడేళ్లు. హైదరాబాద్ నిమ్స్‌లో, లక్నోలోని ఎస్‌జీపీజీఐ వైద్య సంస్థలో డీఎం ఉంది, సీట్లు మాత్రం కొద్ది. ఎక్స్‌రే మీదే మక్కువైతే రేడియాలజీ ఎండీ చేసి పిల్లల ఎముకల వైపు మళ్లవచ్చు.

నీట్ రాకపోతే దారి మూసుకుపోదు, ఇది గట్టిగా చెప్తున్నాను. మీకు దగ్గర్లోనే బరంపురంలో ఐసర్ అనే కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యాసంస్థ ఉంది, దాని ప్రవేశ పరీక్ష ఐఏటీ రాసి ఐదేళ్ల బీఎస్-ఎంఎస్‌లో చేరొచ్చు. లేదా బీఎస్సీ లైఫ్ సైన్సెస్ చేసి, హ్యూమన్ జెనెటిక్స్‌లోనో జెనెటిక్ కౌన్సెలింగ్‌లోనో ఎంఎస్సీ. ల్యాబ్‌లో పనంటే ఒక జన్యు మార్పు జబ్బు తెచ్చేదా, తెచ్చే అవకాశం ఉన్నదా, తేలనిదా, బహుశా హాని లేనిదా, ఏ హానీ లేనిదా అని ఐదు తరగతుల్లో దేనిలోనో పెట్టడం. నాకు ఇందులో అందరికన్నా గొప్పగా కనిపించేది ‘తేలనిది’ అని నిజాయితీగా రాయగలిగే మనిషి. ఈ పనికి బయాలజీతో పాటు లెక్కలు, కొంచెం కంప్యూటర్ కావాలి, కాబట్టి ప్లస్ టూలో గణితం వదిలించకండి. ఉద్యోగాలు హైదరాబాద్, బెంగళూరు లాంటి చోట్లే ఎక్కువ, పర్లాకిమిడిలో దొరకడం కష్టం. ఆ మాట అమ్మాయికి ఇప్పుడే చెప్పండి.

ఇంకొకటి. ‘నువ్వే తమ్ముడిని బాగుచేయాలి’ అని ఇంట్లో ఎవరూ అనొద్దు. ఆ జబ్బు పూర్తిగా పోయే మందు ఇప్పటికి లేదు. ఎముక గట్టిపడటానికి బిస్‌ఫాస్ఫొనేట్ మందులు వాడతారు, వాటిని డాక్టర్లు ఇప్పుడే మొదలుపెట్టగలరు, అమ్మాయి చదువు పూర్తయ్యేదాకా ఆగనక్కరలేదు. 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద హైదరాబాద్‌లో డీఎన్ఏ పరీక్షలు చేసే సీడీఎఫ్‌డీ సంస్థ, నిమ్స్ కలిసి ఒక ప్రత్యేక కేంద్రంగా పనిచేస్తున్నాయి. అబ్బాయిని అక్కడ చూపించడానికి వెళ్లినప్పుడు అమ్మాయిని కూడా తీసుకెళ్లండి. జెనెటిక్స్ ఓపీలో ఒక పూట కూర్చుంటే తనకు ఇది నచ్చుతుందో లేదో తనకే తెలుస్తుంది.

నీట్ ఫారం నింపేటప్పుడు ఒక జాగ్రత్త. తెలుగు ప్రశ్నపత్రం ఆంధ్ర, తెలంగాణ సెంటర్లలోనే ఇస్తారు, ఒడిశా సెంటర్‌లో ఒడియా. ఇంగ్లీషుతో ఇబ్బంది లేకపోతే ఇంగ్లీషే పెట్టించండి. స్టేట్ కోటా నివాసం మీద, చదివిన చోటు మీద ఆధారపడుతుంది కనుక, మీకు ఏ రాష్ట్రం కోటా వర్తిస్తుందో ప్లస్ టూ మధ్యలో కాలేజీ మార్చే ముందే కనుక్కోండి.