ఈటె పట్టే ముందు నీటిని చదవండి

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: నాకు ఈత బాగా వచ్చు. ముఖానికి అద్దం, నోట్లో గొట్టం పెట్టుకుని, నీటిపై బోర్లా తేలుతూ, మునిగి ఈటెతో చేపను కొట్టే వేటను వీడియోలలో చూశాను. సోమశిల పరిసరాల మంచినీటిలో దీనిని మొదలుపెట్టాలంటే ఏ సామాను కొనాలి, ఎలా నేర్చుకోవాలి?
– ఒక పాఠకుడు, ఆత్మకూరు

జవాబు: సామాను కంటే ముందు నీటి సంగతి చెప్పవలసి ఉంది. మన వైపు ఈ వేటకు అన్నిటికంటే పెద్ద అడ్డంకి నీరు తేటగా లేకపోవడమే. నెల్లూరు ప్రాంతానికి ప్రధానమైన వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వల్ల పడతాయి కనుక, ఆ నెలలలో పెన్నలోనూ వాగులలోనూ వచ్చే బురదనీటిలో చేయి చాపితే వేళ్లు కూడా కనబడవు. వానలు ఆగి మట్టి అడుక్కి దిగిన తరువాత, ఎండలు ముదిరి నీరు పచ్చబడే లోపు, కొన్ని వారాలు మాత్రమే చూపు ఆనుతుంది. ఒక తెల్లటి పళ్లేన్ని తాడుకు కట్టి నీటిలోకి దింపి, ఎంత లోతున అది కనుమరుగవుతుందో చూడండి. రెండు మీటర్ల లోపే కనుమరుగైతే ఆ రోజు ఈటెను ఒడ్డునే ఉంచండి. ఈటె మొనకు అవతల ఉన్నది చేపో, వల తాడో, ఈదుతున్న మరొక మనిషి కాలో తెలియనప్పుడు దానిని వదలడం ఏ విధంగానూ సమర్థనీయం కాదు.

రెండవది అనుమతి. మన జలాశయాలలోనూ చెరువులలోనూ చేపలు పట్టే హక్కు సాధారణంగా మత్స్యకారుల సహకార సంఘానికో, లైసెన్సు లేదా లీజు పొందినవారికో ఉంటుంది. బొచ్చె, శీలావతి వంటి చేపల పిల్లలను వదిలి పెంచుకునేది వారి జీవనోపాధి కోసం. జిల్లా మత్స్యశాఖ కార్యాలయంలోనూ స్థానిక సంఘం పెద్దల వద్దనూ అడిగి, ఒప్పుకున్న చోటనే దిగండి. పెంచలకోన వైపు పెనుశిల నరసింహ అభయారణ్యం ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అభయారణ్యాలకు వర్తిస్తుంది కనుక, ఆ పరిధిలోకి ఈటెతో అడుగు పెట్టే ఆలోచనే వద్దు. కండలేరు నీరు తెలుగుగంగ ద్వారా చెన్నైకి తాగునీరుగా వెళుతుంది. తాగునీటి చెరువులను, కాలువలను ఈ సరదాకు వాడకపోవడమే మర్యాద.

సామాను తక్కువే. ముక్కును కూడా కప్పే డైవింగ్ మాస్కు తీసుకోండి. ఈతకొలనులో వాడే కళ్లద్దాలు పనికిరావు, ఎందుకంటే లోతుకు దిగినకొద్దీ అద్దం లోపలి గాలి కుంచించుకుని కళ్లను లాగుతుంది, ముక్కు లోపల ఉంటేనే కాస్త గాలి వదిలి దానిని సరిచేయగలుగుతాము. పొట్టి గొట్టం, కాళ్లకు రెక్కలు, పైన తేలే ఎర్రటి బుంగ, అందుబాటులో ఒక చిన్న కత్తి ఉండాలి. సన్నని నైలాను వలలు నీటిలో దాదాపు కనబడవు, అందుకే కత్తి. ఈటెగా, వెనుకనున్న రబ్బరు ఉచ్చును చేతితో సాగదీసి పట్టుకుని వదిలే చేతి ఈటె చాలు, ట్రిగ్గరు నొక్కితే దూసుకుపోయే తుపాకీ తరహా పరికరం మొదటి ఏడాది వద్దు. సముద్రపు నీటి కంటే మంచినీరు తేలిక కనుక అందులో మనిషి తక్కువగా తేలుతాడు. సముద్రంలో వేటాడేవారిని చూసి నడుముకు సీసపు బరువులు కట్టుకోకండి.

ఇక అసలైన చదువు ఊపిరిది. నేను ఎవరికైనా మొదట చెప్పేది, కొన్ని వారాల పాటు ఈటె లేకుండా నీటిలో తేలుతూ చూడమని. దిగే ముందు గబగబా లోతైన శ్వాసలు తీస్తే ఎక్కువ సేపు ఉండవచ్చునన్న నమ్మకం ఈతగాళ్లలో విస్తారంగా ఉంది, ఇది ప్రాణాంతకం. అలా చేసినందువల్ల రక్తంలో ఆక్సిజన్ చెప్పుకోదగినంత పెరగదు. ‘ఇక పైకి రా’ అని శరీరాన్ని హెచ్చరించే కార్బన్ డయాక్సైడ్ మాత్రం తగ్గిపోతుంది. హెచ్చరిక రాకుండానే ఆక్సిజన్ అయిపోయి, పైకి వస్తూ ఉండగానో, వచ్చిన మరుక్షణమో స్పృహ తప్పుతుంది. బాగా ఈత వచ్చినవారే దీనికి బలవుతారు. కాబట్టి మామూలుగా ఊపిరి తీసుకుంటూ విశ్రాంతిగా తేలి, ఒక్క నిండు శ్వాసతో దిగి, మొదటిసారి ఊపిరి కోసం తపన కలగగానే పైకి రండి. నీటి అడుగున ఉన్న సమయానికి కనీసం రెట్టింపు సేపు పైన విశ్రాంతి తీసుకోండి. ఒంటరిగా ఎప్పుడూ దిగవద్దు. జతగాడు ఒడ్డున ఫోను చూసుకుంటూ కూర్చుంటే అతడు ఉన్నా లేనట్టే. మీరు మునిగినప్పుడు అతడు పైన తేలుతూ మిమ్మల్నే గమనించాలి, మీరు పైకి వచ్చాక అర నిమిషం పాటైనా చూపు తిప్పకూడదు. చెవులలో ఒత్తిడి తెలిసిన వెంటనే ముక్కు మూసి మెల్లగా గాలిని నెట్టండి. అది సర్దుకోకపోతే, జలుబు ఉంటే, ఆ రోజు మునగడం మానేయండి.

ప్రశ్న: పొట్టి గొట్టానికి బదులు రెండు మీటర్ల ప్లాస్టిక్ పైపు పెట్టుకుంటే అడుగుననే ఉండి గాలి పీల్చవచ్చు కదా?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: వద్దు, ఎంత మాత్రమూ వద్దు. ఒక్క మీటరు లోతులోనే నీరు ఛాతీ మీద ప్రతి చదరపు సెంటీమీటరుకూ వంద గ్రాముల అదనపు బరువుతో నొక్కుతుంది. ఆ ఒత్తిడికి ఎదురుగా, పైనున్న మామూలు గాలిని ఊపిరితిత్తులలోకి లాగే శక్తి మన కండరాలకు లేదు. పైగా పొడవైన పైపులో మీరు వదిలిన గాలే నిలిచి, దానినే మళ్లీ పీలుస్తారు. ముప్పై, నలభై సెంటీమీటర్ల గొట్టాన్నే అమ్మడానికి కారణం ఇదే.

ప్రశ్న: గుండ్లకమ్మలో కొరమీను కోసం ప్రయత్నించాలని ఉంది. గురి ఎలా పెట్టాలి?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: గుండ్లకమ్మ నదిపై ఉన్న మల్లవరం ప్రాజెక్టు గేట్ల దరిదాపులకు, ఏ చెరువు తూము వద్దకైనా, వెళ్లకండి. లోపలికి లాగే నీటి ముందు ఎంతటి ఈత అయినా చాలదు.

ఒడ్డు నుంచి ఈటె విసిరేవారు చేప కనబడిన చోటికి కొంచెం కిందికి గురి పెడతారు, ఎందుకంటే వెలుతురు నీటి నుంచి గాలిలోకి వచ్చేటప్పుడు వంగి చేప పైకి తేలినట్టు చూపిస్తుంది. మీ కళ్లూ ఈటే రెండూ నీటిలోనే ఉంటే ఆ సవరణ అక్కరలేదు, నేరుగా పెట్టండి. అయితే మాస్కు అద్దం వల్ల రెండు మీటర్ల దూరపు చేప ఒకటిన్నర మీటర్లలోనే ఉన్నట్టు, అసలు కంటే పెద్దదిగా కనిపిస్తుంది. కొత్తవారి ఈటె చేపకు అందక ముందే ఆగిపోవడానికి ఇదే ముఖ్య కారణం. ఇంకాస్త దగ్గరకు వెళ్లాకనే రబ్బరు వదలండి, తల వెనుక భాగాన్ని చూసి కొట్టండి. ఒంటి మధ్యలో ఈటె తగిలిన చేప గాయంతో తప్పించుకుని ఎవరికీ కాకుండా చస్తుంది.

కొరమీను విషయంలో నా మాట కాస్త గట్టిగానే ఉంటుంది. అది పైకి వచ్చి గాలి మింగే చేప కనుక తేలికగా కంటబడుతుంది. వానల కాలంలో నీటి పైన ఎర్రటి పిల్లల గుంపు కదులుతూ ఉంటే, దాని కింద కాపలాగా తల్లిదండ్రులు ఉంటాయి, దగ్గరకు వచ్చినదాని మీదికి దూకుతాయి కానీ పారిపోవు. అంత సులువుగా దొరికే చేపను ఆ సమయంలో కొడితే, కాపు లేని ఆ పిల్లల గుంపంతా ఇతర చేపల పాలవుతుంది. అందువలన పిల్లలతో ఉన్న కొరమీనును వదిలేయండి. మొదలుపెట్టేవారికి తిలాపియా తగినది. 1952లో మన దేశానికి తెచ్చిన ఈ చేప ఏడాదిలో పలుమార్లు గుడ్లు పెట్టి చెరువులను నింపేస్తుంది, లోతు తక్కువ చోట్ల తిరుగుతుంది, దానిని తీసివేస్తే సంఘాలవారు కూడా సాధారణంగా అభ్యంతరపెట్టరు. జెల్లలు తగిలితే మాత్రం వట్టి చేతితో పట్టుకోకండి, రెక్కల మొదట్లోని ముల్లు లోతుగా దిగుతుంది.