మిరప కల్లం వేసే ముందు మబ్బుల సంగతి

చిరంజీవి శ్రీనుకి,

మామయ్య ఆశీర్వదించి రాసేది. ఈ ఏడు కౌలుకి తీసుకుని మిరప వేశావనీ, మొదటి కోత దగ్గర పడిందనీ మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. కానీ ఫోన్లో వాతావరణం చూసుకుంటూ పొద్దస్తమానం టెన్షన్ పడుతున్నావట. అందుకే రాస్తున్నాను. కల్లంలో ఆరబోసిన కాయ మీద ఒక్క జల్లు పడ్డా రంగు పోతుంది, బూజు పడుతుంది, గుంటూరు యార్డులో రేటు తెగ్గోస్తారు. భయం ఉండాల్సిందే. అయితే ఏది చూడాలో, ఎప్పుడు చూడాలో తెలిస్తే చాలావరకు గట్టెక్కవచ్చు.

కోత ఎప్పుడు పెట్టాలన్నది వాతావరణ శాఖ అంచనాను బట్టి నిర్ణయించుకో. టార్పాలిన్ పట్ట ఎప్పుడు కప్పాలన్నది మాత్రం ఆకాశాన్ని బట్టే. అంచనా జిల్లా మొత్తానికి ఇస్తారు, నీ కల్లం పావు ఎకరం. 2025లో మన వాతావరణ శాఖ తెచ్చిన కొత్త విధానం కూడా దేశాన్ని 6 కిలోమీటర్ల గడులుగా చేసి లెక్క కడుతుంది. వేసవి ఉరుముల మబ్బు ఒక్కోటి అంత గడిలోనే పుట్టి, గంటలో కురిసి కరిగిపోతుంది. పక్క ఊళ్లో కుండపోత, మన ఊళ్లో చినుకు లేదంటే కారణం ఇదే. అంచనా తప్పిందని తిట్టుకోవద్దు.

ఆ అంచనాను చదవడంలో చాలామంది ఒకచోట దెబ్బ తింటారు. 'తేలికపాటి వర్షం' అని చూసి హమ్మయ్య అనుకుంటారు. వాతావరణ శాఖ లెక్కలో తేలికపాటి అంటే 24 గంటల్లో 15.5 మిల్లీమీటర్ల వరకు. వరి రైతుకి అది లెక్కలోకి రాదు. ఎండుమిరపకి అందులో మూడో వంతు పడినా నష్టమే. 'భారీ' అనే మాట 64.5 మిల్లీమీటర్లు దాటితేనే వాడతారు, కాబట్టి నువ్వు ఆ మాట కోసం చూడక్కర్లేదు. 'ఒకటి రెండు చోట్ల' అన్నారంటే వాన కొలిచే కేంద్రాల్లో నాలుగో వంతుకు మించకుండా పడుతుందని. 'కొన్ని చోట్ల' అంటే సగం దాకా. అలా అన్న రోజుల్లో కొత్తగా కాయ కోయించకు. మేఘదూత్ యాప్‌లో మంగళ, శుక్రవారాల్లో జిల్లా రైతులకు సలహాలు వస్తాయి, రాబోయే అయిదు రోజుల వాతావరణం కూడా ఉంటుంది. కూలీల ముఠాకి మాట ఇచ్చేముందు అది చూడు.

మార్చి, ఏప్రిల్ బులెటిన్లలో 'ద్రోణి' (గాలి ఒత్తిడి తక్కువగా ఉండే పొడవాటి పట్టీ) అన్న మాట కనపడితే జాగ్రత్త పడు. విదర్భ నుంచి తెలంగాణ, రాయలసీమ మీదుగా తమిళనాడు వైపు సాగే ద్రోణి దగ్గర, పడమటి పొడి వేడిగాలీ సముద్రం మీంచి వచ్చే తేమగాలీ ఎదురుపడతాయి. మన అకాల వానలు చాలావరకు అక్కడ పుట్టేవే.

ఇక ఆకాశం. నేల వేడెక్కితే దాన్ని ఆనుకున్న గాలి పైకి లేస్తుంది. లేచేకొద్దీ వ్యాకోచించి, ప్రతి 100 మీటర్లకీ దాదాపు ఒక డిగ్రీ చల్లబడుతుంది. ఒక ఎత్తుకి చేరాక అందులోని ఆవిరి దుమ్ము, ఉప్పు రేణువుల మీద నీటి బిందువులుగా మారుతుంది. అదే మబ్బు. పది, పదకొండు గంటలకి పుట్టే తెల్లటి మబ్బుల అడుగు చదునుగా గీత గీసినట్టు ఉండేది అందుకే, ఆవిరి నీరయ్యే ఎత్తు అది. మధ్యాహ్నం రెండింటికి కూడా అవి అలాగే చిన్నచిన్నగా విడివిడిగా ఉంటే నిశ్చింతగా ఉండు.

వెడల్పుకంటే ఎత్తు ఎక్కువ పెరిగి, తల గోబీపువ్వులా గడ్డకట్టినట్టు కనపడిందా, మనుషుల్ని కల్లం దగ్గరికి పిలువు. ఆ తల అంచులు మసకబారి, పోగులుగా విడిపోయి పక్కలకి పరుచుకుందంటే పైన మంచు కట్టిందని అర్థం. పేపర్లో క్యుములోనింబస్ అని రాసేది దీన్నే. ఇంకా మీనమేషాలు లెక్కపెట్టొద్దు. తెల్లవారుజామునే మధ్య ఎత్తులో చిన్న చిన్న బురుజులతో మబ్బులు వరసకట్టినా, సాయంత్రం ఉరుములు రావచ్చని ముందే ఊహించు.

అనుమానం వస్తే మచిలీపట్నం రాడార్ బొమ్మ తెరువు. పది నిమిషాల తేడాతో రెండు బొమ్మలు చూస్తే గట్టి వానను చూపే ఎర్రమచ్చ ఎటు కదులుతోందో తెలిసిపోతుంది. రాబోయే మూడు గంటలకని వాతావరణ శాఖ విడిగా ఇచ్చే హెచ్చరిక నీకు రోజువారీ అంచనాకంటే ఎక్కువ పనికొస్తుంది.

అన్నిటికంటే ముఖ్యం, వానకంటే ముందు గాలి వస్తుంది. కురిసే చినుకులు దారిలో ఆవిరవుతూ గాలిని చల్లబరుస్తాయి, ఆ బరువైన గాలి కిందికి దూకి నేల మీద నలువైపులా పరుగెత్తుతుంది. మనం ఈదురుగాలి అనేది అదే. అది తాకాక పట్ట కప్పడం నలుగురి వల్ల కూడా కాదు. చల్లటి గాలి విసరకముందే కాయ కుప్పచేసి, పట్ట కప్పి, అంచుల మీద ఇసుక బస్తాలు పెట్టాలి. కుప్ప చుట్టూ కాలువ తీసి ఉంచు, లేకపోతే నీళ్లు అడుగునుంచి ఎక్కుతాయి.

మెరుపు కనపడ్డాక ఉరుము ముప్ఫై సెకన్లలోపు వినిపిస్తే పిడుగు పది కిలోమీటర్ల లోపే ఉంది. అప్పుడిక కాయ సంగతి వదిలెయ్యి. కూలీలందర్నీ పక్కా ఇంట్లోకి పంపు, చెట్టు కిందికి ఎవర్నీ పోనివ్వకు. చివరి ఉరుము విన్నాక అరగంట ఆగి బయటికి రండి. పిడుగుల గురించి హెచ్చరించే దామిని యాప్ కూడా పెట్టుకో.

బంగాళాఖాతం నుంచి వచ్చే ముసురు దారి వేరు. ముందు ఎత్తున సన్నటి తెల్లచారలు, తర్వాత సూర్యుణ్ణి మసకచేసే పల్చటి పొర, ఆ తర్వాత ఆకాశమంతా బూడిదరంగు. అక్కడ అంచనాను గట్టిగా నమ్ము. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుఫాను గురించి ముందే హెచ్చరికలు వచ్చాయి. అలాంటప్పుడు ఎండిన కాయను పట్టల కింద ఉంచకుండా కోల్డ్ స్టోరేజీకో, గోడౌన్‌కో చేర్చెయ్యి.

వాన వెలిశాక ఎండ రాగానే పట్ట తియ్యి, లేదంటే లోపలి ఆవిరికే కాయ నల్లబడుతుంది. నీ పాత పట్టల్ని ఇప్పుడే వెలుతురుకి ఎత్తి చిల్లులు చూసుకో. కోత తేదీ అనుకున్నాక నాకు ఫోన్ చెయ్యి, ఆ వారం బులెటిన్ ఇద్దరం కలిసి చూద్దాం.

ఇంట్లో అందరినీ అడిగానని చెప్పు.

మీ మామయ్య