లారీకి బస్తాలు ఎక్కించే కన్వేయర్

ప్రశ్న: 50 కిలోల బస్తాలను లారీకి ఎక్కించేందుకు కన్వేయర్ పెట్టాం. బస్తాలు సగం దూరం వెళ్లి వెనక్కి జారుతున్నాయి. ఏం చేయాలి?

జవాబు: నునుపైన బెల్టును సుమారు 20 డిగ్రీలకు మించి ఏటవాలుగా నిలిపితే బస్తాలు, ముఖ్యంగా ప్లాస్టిక్ అల్లిక సంచులు, జారడం సహజం, కాబట్టి పొడవైన కన్వేయర్‌తో వాలు తగ్గించండి, లేదా గరుకు బెల్టు వేయించండి. లారీ చక్రాలకు అడ్డుదిమ్మలు తప్పనిసరి.

మీరు అడగకపోయినా, జారే బస్తా కంటే నన్ను ఎక్కువ భయపెట్టేది బెల్టు రోలరు మీదికి చుట్టుకునే చోటు: సంచి నుంచి ఊడిన దారప్పోగు అక్కడ చిక్కుకున్నప్పుడు, దాన్ని పీకబోయిన వేళ్లను కూడా అది లోపలికి లాగేసుకుంటుంది. అక్కడ జాలీ బిగించి, మెయిన్ స్విచ్ ఆపి తాళం వేశాకే ఎవరినైనా చెయ్యి పెట్టనివ్వండి. బెల్టు పైచివర నడుము ఎత్తులో ఉంటే, బస్తా అందుకునే మనిషి వంగనక్కర్లేదు.