రాజీనామాకు ముందు మూడు ఊళ్లు

చిక్కడపల్లి, హైదరాబాద్

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. గచ్చిబౌలిలో ఉద్యోగానికి వచ్చే నెలలో రాజీనామా ఇచ్చి, స్టాండప్ కామెడీనే వృత్తిగా పెట్టుకుని ఊరూరా తిరగాలనుకుంటున్నానని, అది తప్పో ఒప్పో చెప్పమని, ఒప్పయితే మీ అమ్మను ఒప్పించే పని కూడా నన్నే చూడమని రాశావు. ముప్పై ఏళ్లు మిమిక్రీ చేస్తూ తిరిగినవాడిని కనుక వద్దనే హక్కు నాకు లేదు. అయితే ఇప్పుడే వద్దు. నీ ముఖం ఎరుగని మూడు ఊళ్లలో, టికెట్ కొనుక్కుని వచ్చిన జనం ముందు నీ గంట కార్యక్రమం నిలబడిన తరువాత రాజీనామా ఇవ్వు.

మొన్న బంజారాహిల్స్‌లోని లామకాన్ వేదిక మీద నీ ఎనిమిది నిమిషాలూ వెనుక వరుసలో కూర్చుని చూశాను. నవ్వినవాళ్లలో సగం మంది నీ ఆఫీసువాళ్లే. గచ్చిబౌలి ఫ్లైఓవర్ మీద నువ్వు చెప్పింది అక్కడ పేలింది కానీ కాకినాడలో పేలదు, ఎందుకంటే అక్కడివాళ్లు ఆ ట్రాఫిక్‌లో చిక్కుకుని ఏడవలేదు. అదే అమీర్‌పేట హాస్టల్లో పప్పు గురించి చెప్పిన ముక్క ఎక్కడికైనా వెళుతుంది, ఎందుకంటే కోచింగ్ కోసం అమీర్‌పేటలో ఒక ఆరు నెలలు గడిపిన కొడుకో అల్లుడో లేని తెలుగు ఇల్లు అరుదు. ‘నక్కో’ (వద్దు), ‘హౌ’ (అవును) అని నువ్వు విసిరే దక్కనీ ఉర్దూ మాటలకు నిజామాబాద్‌లో చప్పట్లు పడతాయి, రాజమండ్రిలో పక్కవాడి ముఖం చూస్తారు. నీ దగ్గర ఉన్న ప్రతి ముక్కనూ ఇలా పరీక్షించి, ఏది ప్రయాణం చేస్తుందో ఏది ఊళ్లోనే ఉండిపోతుందో విడివిడిగా రాసి పెట్టుకో. బెంగళూరు తెలుగువాళ్ల కోసం మూడో జాబితా కావాలి. అక్కడ సాఫ్ట్‌వేర్ ముక్కలు ఎన్నయినా చెల్లుతాయి.

ఇంకొక లోపం కనిపించింది. మన భాషలో వాక్యం క్రియతో ముగుస్తుంది కాబట్టి, నవ్వించే మాట మధ్యలో పడి దాని మీద క్రియ మూతలా కూర్చుంటుంది. “ఇంటర్వ్యూకి వెళ్తుంటే మా నాన్న నా చేతిలో నిమ్మకాయ పెట్టారు” అన్నావు. నిమ్మకాయ దగ్గర నవ్వబోయినవాళ్లు “పెట్టారు” కోసం ఆగి, ఆ నవ్వును మింగేశారు. “ఇంటర్వ్యూకి వెళ్తుంటే మా నాన్న నా చేతిలో పెట్టింది రెజ్యూమె కాదు, నిమ్మకాయ” అని చూడు. ఆ మాట తరువాత నోరు మూసుకుని, నవ్వు పూర్తిగా దిగేదాకా మైకు దూరంగా పట్టుకో. ఇంగ్లీషు కామెడీ చూసి నేర్చుకున్న పిల్లలందరిలోనూ ఇదే తప్పు కనిపిస్తోంది. అక్కడ వాక్యం చివరికి చాలాసార్లు దానంతట అదే నామవాచకం వచ్చి పడుతుంది, మనం లాక్కొచ్చి పెట్టాలి.

ప్రతి షోనూ మొదటి నుంచి చివరి దాకా ఫోన్‌లో రికార్డు చేసి, మరునాడు పొద్దున్నే విను. రాత్రి నీకు గుర్తున్న నవ్వులకూ రికార్డులో వినిపించే నవ్వులకూ చాలా తేడా ఉంటుంది. రీల్స్ విషయంలో మాత్రం పిసినారిగా ఉండు: ప్రేక్షకులతో అప్పటికప్పుడు నడిచిన మాటలు పెట్టు కానీ షో కోసం ముందే రాసుకున్న ముక్కలు పెట్టకు, ఎందుకంటే ఫోన్‌లో చూసి నవ్విన ముక్కకు 299 రూపాయలు పెట్టి మళ్లీ నవ్వరు.

మధ్యలో అరిచేవాడి గురించి అడిగావు. అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగం చేసే పృచ్ఛకుడు ఉండేదే అవధాని ఏకాగ్రత చెడగొట్టడానికి. అయినా అవధాని కోప్పడడు, ఒక్క చమత్కారంతో సమాధానమిచ్చి, విడిచిన పద్యం దగ్గరికే తిరిగి వస్తాడు. యూట్యూబ్‌లో నాలుగు అవధానాలు చూడు. తాగి వచ్చినవాడు వేరే సంగతి. వాడిని నిర్వాహకుడు చూసుకోవాలని ముందే చెప్పి ఉంచు.

ఇక డబ్బు. నేను మొదలుపెట్టిన రోజుల్లో ఆర్కెస్ట్రాలో రెండు పాటల మధ్య ఖాళీ నింపడమే నా పని. ఒకసారి కోస్తాలో ఒక ఉత్సవ కమిటీ వారు కార్యక్రమం అయ్యాక ఇస్తామన్నారు. పొద్దున్నే వెళితే ఆ పెద్దమనిషి ఇంటికి తాళం, అరుగు మీద పిల్లి. తబలా వాయించే అతని దగ్గర బస్సు ఛార్జీ అప్పు చేసి ఇల్లు చేరాను. ఆ తరువాత సగం సొమ్ము ముందుగా చేతికి అందకుండా బ్యాగు సర్దలేదు.

నీ లెక్క వేరు, టికెట్ల లెక్క. వంద కుర్చీల హాల్లో 299 రూపాయల టికెట్లు అరవై అమ్మితే 17,940 రూపాయలు వస్తాయి. హాలు అద్దె, టికెట్ సైటు కమీషన్, నీకూ నీకు ముందు పది నిమిషాలు చేసే కుర్రాడికీ ఛార్జీలు, గది, భోజనం పోగా నాలుగైదు వేలు మిగిలితే ఆ రాత్రి బాగున్నట్టే. కంపెనీలు పిలిచే షోలలో డబ్బు ఎక్కువ, నవ్వు తక్కువ. వాళ్లు పది శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) కోస్తే, నీ పన్ను అంతకన్నా తక్కువైనప్పుడు రిటర్ను వేసి మిగిలింది తిరిగి రాబట్టుకో. అమెరికా తెలుగు సంఘాలు పిలిచినప్పుడు సందర్శక వీసా మీద వచ్చేయమని ఎవరన్నా అంటే ఒప్పుకోకు, ఆ వీసాతో పారితోషికం తీసుకుని ప్రదర్శన ఇవ్వకూడదు.

సంక్రాంతి వారంలో హైదరాబాద్‌లో, ఐపీఎల్ సాయంత్రాల్లో ఎక్కడా హాలు తీసుకోకు. సాయంత్రం నాంపల్లిలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి విశాఖలో ఉంటావు, ఒక రాత్రి గది అద్దె మిగులుతుంది. కానీ షో పది దాటాక ముగుస్తుంది. ఆ వేళ గదికి ఎవరు దింపుతారో ఒప్పందంలోనే రాయించు, గది మాత్రం నువ్వే బుక్ చేసుకో. ఇది నాకు ఎన్నడూ పట్టించుకోవాల్సిన అవసరం రాలేదు, నీకు వస్తుంది.

మతం, కులం ముక్కలు నీ ఇష్టం, నేను కత్తెర పట్టను. కానీ స్టాండప్ కమెడియన్ మునావర్ ఫారూఖీని అలాంటి ముక్కల ఆరోపణ మీదే 2021 జనవరి 1న ఇండోర్‌లో అరెస్టు చేస్తే, సుప్రీంకోర్టు బెయిలు ఇచ్చేసరికి నెల దాటింది. 2022 ఆగస్టులో మన శిల్పకళా వేదికలో ఆయన షో పోలీసు బందోబస్తు మధ్య జరిగింది. ఎవరో ముప్పై సెకన్లు కత్తిరించి తిప్పిన రోజున, నువ్వు నిజంగా ఏమన్నావో చూపించడానికి పూర్తి రికార్డింగు నీ దగ్గర ఉండాలి. పైన చెప్పిన రికార్డింగులు చెరపవద్దనేది అందుకే.

మీ అమ్మకు నేను చెప్పను. ఆర్కెస్ట్రాలో చేరతానన్న మాట మా నాన్నకు నేను చెప్పలేక తన చేత చెప్పించాను, ఆ రోజు తిట్లన్నీ తనకే పడ్డాయి. ఇప్పుడు నీ తరఫున వెళితే ఆ బాకీ కూడా కలిపి వసూలు చేస్తుంది. నిజామాబాద్, కాకినాడ, విశాఖ అయిపోయాక నువ్వే చెప్పు, నేను పక్కన కూర్చుంటాను. ఆదివారం నీ నోటుపుస్తకం తీసుకుని రా, నిమ్మకాయ ముక్క మళ్లీ చూద్దాం.

ఇట్లు,
మీ మామయ్య