రైఫిల్‌కి డాట్ సైట్ కొనేముందు కళ్ళ డాక్టర్ దగ్గరికి వెళ్ళు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన రైఫిల్ ఫోటో చూశాను. రూగర్ 10/22, అదీ చెక్క స్టాక్‌ది (భుజానికి ఆనించే భాగం). మంచి పని చేశావు. 1964 నుంచి పెద్దగా రూపం మారకుండా వస్తున్న రైఫిల్ అది. బరువు 5 పౌండ్లే, చిన్న .22 తూటా కాబట్టి భుజానికి దెబ్బ తగలదు. ఫోటో కింద నువ్వు పెట్టిన ఆరు సైట్ల లింకులు కూడా చూశాను, అదే, రైఫిల్ మీద బిగించి గురి చూసే పరికరాలవి. తొంభై డాలర్ల దగ్గర మొదలై ఏడు వందల దగ్గర ఆగాయి. "రెడ్ డాటా, హోలోగ్రాఫిక్కా, ఏది కొనమంటావు మామయ్యా?" అని అడిగావు. ఫోన్‌లో చెబితే సగం నీ చెవిన పడదు, మిగతా సగం మీ అమ్మ మధ్యలో లాక్కుంటుంది. అందుకే రాస్తున్నాను.

ముందు ఆ లింకులన్నీ మూసేసి, కళ్ళ డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకో. నవ్వకు. నేను మొదటి రెడ్ డాట్ కొన్నప్పుడు బాక్స్ విప్పి చూస్తే, గుండ్రంగా ఉండాల్సిన చుక్క కామాలాగా, పక్కకి తోకతో కనిపించింది. నాసిరకం సరుకు అంటగట్టారని తిట్టుకుంటూ వెనక్కి పంపాను. రెండోది ఇంకో కంపెనీది, ఇంకో నలభై డాలర్లు ఎక్కువ పెట్టి తెప్పించాను. అదే తోక, అదే వంకర. దాన్నీ ప్యాక్ చేస్తుంటే మీ అత్తయ్య వచ్చి, "ఏదీ ఇలా ఇవ్వండి" అని కంటికి పెట్టుకుని, "గుండ్రంగానే ఉంది కదండీ, కుంకుమ బొట్టులాగా" అంది. అప్పుడు అర్థమైంది, వంకర సైట్‌లో లేదు, నా కంట్లో ఉంది. ఆస్టిగ్మాటిజం, అంటే కంటి పొర వంపు అన్ని వైపులా ఒకేలా లేకపోవడం. కళ్ళజోడు మార్పించి ఆరేళ్ళయింది మరి. కొత్త జోడు పెట్టుకున్నాక తోక చాలావరకు పోయింది.

నువ్వు కూడా పదో తరగతి నుంచీ కళ్ళజోడు పెట్టినవాడివే కాబట్టి చెబుతున్నాను. షాపులో పరీక్షించడానికి ఓ తేలిక దారి ఉంది. ముందు వెలుగు తగ్గించి చూడు, ఎక్కువ వెలుగులో మంచి కంటికి కూడా చుక్క చెదిరినట్టే ఉంటుంది. తర్వాత ఫోన్ కెమెరాని సైట్ వెనక పెట్టి ఫోటో తియ్యి. ఫోటోలో చుక్క శుభ్రంగా ఉండి, నీ కంటికి నక్షత్రంలా కనిపిస్తే సైట్‌ని అనకు. కళ్ళజోడుతో కూడా సర్దుకోకపోతే ప్రిజం సైట్ అని ఇంకో రకం ఉంది. అందులో గుర్తు గాజు మీదే చెక్కి ఉంటుంది, నీ కంటికి తగ్గట్టు ఫోకస్ తిప్పుకోవచ్చు. బ్యాటరీ అయిపోయినా నల్లగా కనిపిస్తూనే ఉంటుంది. కాకపోతే కన్ను దానికి సరైన దూరంలోనే ఉండాలి, డాట్‌కి ఉన్నంత స్వేచ్ఛ ఉండదు.

ఇక నీ అసలు ప్రశ్న. రెడ్ డాట్ అంటే లేజర్ అనుకుని చాలామంది పొరబడతారు. అది బయటికి వెలుగేదీ కొట్టదు. లోపల ఓ చిన్న ఎల్‌ఈడీ ఉంటుంది. ముందున్న వంపు గాజు మీద ఎరుపుని మాత్రం వెనక్కి తిప్పే పూత ఉంటుంది. ఆ ఎరుపు నీ కంటికి చేరేసరికి చుక్క ఎక్కడో దూరాన, టార్గెట్ మీదే ఉన్నట్టు అనిపిస్తుంది. ఆ పూత వల్లే ఆ గాజులోంచి చూస్తే లోకం కాస్త నీలంగా కనిపిస్తుంది. స్వీడన్ కంపెనీ ఎయిమ్‌పాయింట్ 1975లో ఇలాంటి ఎలక్ట్రానిక్ సైట్‌ని మార్కెట్లోకి తెచ్చింది. హోలోగ్రాఫిక్ లెక్క వేరు. గాజులో ఓ ఉంగరం, దాని నడుమ ఓ చుక్క బొమ్మని హోలోగ్రామ్‌గా ఎక్కించి ఉంచుతారు, దాన్ని లోపలి లేజర్ వెలిగిస్తుంది. ఈఓటెక్ కంపెనీ అంటే అందరికీ గుర్తొచ్చేది ఇదే. దాని ఉంగరం 68 ఎంఓఏ, చుక్క 1 ఎంఓఏ (ఇది కోణం కొలత, కింద చెబుతాను). అంత సన్నని చుక్క రెడ్ డాట్లలో అరుదు. కిటికీ సగం బురద పట్టినా, మిగిలిన సగంలోంచి బొమ్మ కనిపిస్తుంది.

వినడానికి బాగుంది. కానీ అల్లుడూ, నువ్వు యుద్ధానికి పోవడం లేదు. ఆదివారం పొద్దున కొలంబస్ దగ్గర షూటింగ్ రేంజ్‌లో ఇనుప పళ్ళేలు టింగుమనిపించడానికి పోతున్నావు. లేజర్ బ్యాటరీని తాగేస్తుంది. హోలోగ్రాఫిక్‌లో బ్యాటరీ వందల గంటల నుంచి వెయ్యి, రెండు వేల గంటల దాకా వస్తే, మామూలు మంచి రెడ్ డాట్‌లో ఒక్క బిళ్ళ బ్యాటరీ 50,000 గంటలని కంపెనీలే రాస్తున్నాయి, అదీ మధ్యస్థ వెలుగులో. ఈఓటెక్‌లో తేలికైన ఎక్స్‌పీఎస్ మోడల్ కూడా దాదాపు 9 ఔన్సులు. చిన్న రెడ్ డాట్ దాదాపు అందులో సగమే ఉంటుంది. 5 పౌండ్ల రైఫిల్ నెత్తిన ఆ బరువు ఎందుకు? ఇంకోటి, ఎండకీ చలికీ గురి జరిగే సమస్య మీద అమెరికా ప్రభుత్వం వేసిన కేసులో, ఈఓటెక్ మాతృసంస్థ 2015లో 2.56 కోట్ల డాలర్లు కట్టింది. అది పాత సంగతే, దాని కోసం ఆ కంపెనీనే వద్దనను. ఖరీదెక్కువైతే తప్పులుండవనే నమ్మకం మాత్రం పెట్టుకోకు.

కాబట్టి నా ఓటు మామూలు గొట్టం రెడ్ డాట్‌కే. వంద నుంచి రెండు వందల లోపు చాలు. నువ్వు పంపిన వాటిలో బుష్‌నెల్ టీఆర్‌ఎస్-25, సిగ్ రోమియో-5, వోర్టెక్స్ క్రాస్‌ఫైర్ మూడూ ఆ పనికి సరిపోతాయి. .22కి కుదుపు లేదు గనక పెద్ద రైఫిళ్ళ మీద ఊడిపోయే చవక సైట్ కూడా దీని మీద ఏళ్ళు బతుకుతుంది. మరీ ముప్పై డాలర్లవి మాత్రం వద్దు. వాటిలో నాలుగు రకాల గుర్తులు, ఎరుపు, పచ్చ అన్నీ ఉంటాయి, జీరో, అంటే సరిచేసి పెట్టిన గురి, ఒక్కటే నిలవదు. నాకైతే ఆ మూడింటిలో కదలికని పట్టుకుని తనంతట తానే వెలిగే సిగ్ నచ్చుతుంది. ఆర్పడం మర్చిపోయే అలవాటు మన ఇంట్లో వంశపారంపర్యం కదా. మిగిలిన నాలుగైదు వందలతో తూటాలు కొనుక్కో. వేలల్లో వస్తాయి.

చుక్క సైజు గురించి అడిగావు. 1 ఎంఓఏ అంటే 100 గజాల దగ్గర ఇంచుమించు ఒక అంగుళం, 50 దగ్గర అరంగుళం. అంటే 2 ఎంఓఏ చుక్క 50 గజాల దగ్గర ఒక అంగుళాన్ని కప్పేస్తుంది, 6 ఎంఓఏది మూడంగుళాలు. కాగితం మీద తూటాలన్నీ దగ్గర దగ్గరగా గుంపుగా పడాలంటే 2 లేక 3 తీసుకో. ఉంగరంతో ఉన్నవి కూడా దొరుకుతాయి, హోలోసన్ 510సీ లాంటివి. దగ్గరి పళ్ళేలని గబగబా కొట్టడానికి ఆ ఉంగరం బాగానే ఉంటుంది. ఇనుప పళ్ళేలని వేగంగా కొట్టే స్టీల్ ఛాలెంజ్ పోటీలకి వెళ్ళాలని ఉందన్నావుగా. డాట్ పెట్టావంటే నిన్ను రిమ్‌ఫైర్ (.22 లాంటి చిన్న తూటాల) రైఫిల్ ఓపెన్ అనే డివిజన్‌లో వేస్తారు, రైఫిల్‌తో వచ్చే మామూలు ఇనుప సైట్లతో వెళ్తే వేరే డివిజన్. అక్కడ దూరాలు 7 నుంచి 35 గజాల మధ్యే.

అందరూ తేలిగ్గా వదిలేసేది మౌంట్ సంగతి, అంటే సైట్‌ని రైఫిల్‌కి బిగించే దిమ్మ. నేను అన్నిటికన్నా ఎక్కువ విసిగింది దానితోనే. ఈ రెడ్ డాట్లు చాలావరకు ఏఆర్-15 అనే రైఫిల్ కోసం తయారైనవి. చాలావాటి బాక్స్‌లో ఎత్తైన మౌంట్ ఒకటి, పొట్టిది ఒకటి ఇస్తారు. ఏఆర్ స్టాక్ తిన్నగా ఉంటుంది గనక దానికి ఎత్తు కావాలి. నీ 10/22 స్టాక్ ఇనుప సైట్ల కోసం కిందికి వాలి ఉంటుంది. దాని మీద ఎత్తు మౌంట్ పెడితే చెంప స్టాక్‌కి ఆనదు, గడ్డం మాత్రం తగులుతుంది. మెడ సాచి చూడాల్సి వస్తుంది, ప్రతిసారీ తల ఒక్కో చోట ఉంటుంది. డాట్‌కి కన్ను ఎక్కడున్నా పరవాలేదని రాస్తారు గానీ దగ్గరి దూరాల్లో చుక్క గాజు అంచుకి పోతే గురి కొంచెం జరుగుతుంది. కాబట్టి పొట్టి మౌంటే పెట్టు. వెనక ఇనుప సైట్ మడతపడుతుంది, దాన్ని పడుకోబెట్టెయ్.

రైఫిల్‌తో పాటు రైల్ ముక్క, అంటే మౌంట్‌ని పట్టించే గాడుల పట్టీ, వచ్చిందేమో బాక్స్‌లో వెతుకు. పైన స్క్రూ రంధ్రాలు ఫ్యాక్టరీవే ఉంటాయి. రైల్ కొనాల్సి వస్తే పికాటినీ కొను. వీవర్ రైల్‌లో గాడులు సన్నం, పికాటినీ కోసం చేసిన అడ్డకడ్డీ వాటిలో దిగకపోవచ్చు. బిగించేముందు స్క్రూల జిడ్డు తుడిచి, నీలం థ్రెడ్‌లాకర్ (స్క్రూ వదులవకుండా పట్టే జిగురు) ఒక్క చుక్క వెయ్యి. ఎర్రది వేశావో, వేడి చేస్తే గానీ ఊడదు. తర్వాత స్క్రూ తల మీంచి మౌంట్ మీదికి గోళ్ళ రంగుతో ఓ గీత గియ్యి. గీత విడిపోయిందంటే స్క్రూ కదిలినట్టు. నేను ఓ ఎండాకాలమంతా తూటాలు పాడయ్యాయి, గాలి ఎక్కువుంది, నాకే వయసైపోయింది అని సర్దిచెప్పుకున్నాను. చివరికి చూస్తే మౌంట్ స్క్రూ వేలితో తిరిగింది. మీ అత్తయ్య గోళ్ళ రంగు సీసా ఆనాటి నుంచి నా పనిముట్ల పెట్టెలోనే ఉంది, ఆవిడకి ఇంకా తెలీదు.

జీరో చేయడానికి 25 గజాల దగ్గర మొదలుపెట్టు. ఇసుక సంచి మీద ఆనించి, తొందరపడకుండా ఐదు కొట్టు. ఒక్క తూటా చూసి మర తిప్పకు, ఐదింటి నడిమి చోటు చూసుకో. సైట్ మర ఒక్క క్లిక్ 1 ఎంఓఏ అయితే 25 గజాల దగ్గర పావు అంగుళం జరుగుతుంది. అంటే గుంపు రెండంగుళాలు కింద పడితే ఎనిమిది క్లిక్కులు పైకి. బాణం గుర్తు తూటా ఎటు జరుగుతుందో చెబుతుంది. కొన్నిట్లో క్లిక్ అర ఎంఓఏ, సైట్‌తో వచ్చిన కాగితం చదువు. ఆ తర్వాత 50 గజాలకి వెళ్ళి సరిచూసుకో. 50కి జీరో చేస్తే 25 దగ్గర కూడా దాదాపు అక్కడే తగులుతుంది, అదే .22తో హాయి. 7 గజాల దగ్గర ఓ అంగుళం కిందపడితే కంగారు పడకు, సైట్ తుపాకీ గొట్టం కన్నా పైన ఉంది కదా. 100 గజాలకి మాత్రం ఇంచుమించు ఆరంగుళాలు దిగుతుంది. జీరో చేసిన తూటానే వాడు. సీసీఐ మినీమ్యాగ్ సెకనుకి 1,235 అడుగులు, అదే కంపెనీ స్టాండర్డ్ వెలాసిటీ 1,070. మార్చావంటే గుంపు జరుగుతుంది.

సైట్ బిగించేటప్పుడు, విప్పేటప్పుడు మాగజైన్ (తూటాల డబ్బా) తీసి, బోల్ట్ లాగి, ఛాంబర్లో, అదే తూటా కూర్చునే చోట, వేలు పెట్టి చూడు. 10/22లో ఆఖరి తూటా అయ్యాక బోల్ట్ మామూలుగా తెరుచుకుని ఉండిపోదు, ఖాళీ అయిందో లేదో చూడగానే తెలీదు. ఇంట్లో బుజ్జిగాడు పాకుతున్నాడు. తాళం ఉన్న పెట్టె లేకుండా నువ్వు ఏ సైట్ కొన్నా నేను ఊరుకోను.

నీ రూమ్మేట్ కూడా ఒకటి కొంటానన్నాడని రాశావు. నీకు గ్రీన్ కార్డు ఉంది, సరే. అతను హెచ్-1బీ మీద ఉన్నాడు. ఆ వీసా మీద తుపాకీ కొనడం, దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం మామూలుగా ఒప్పుకోదు, వేట లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు తప్ప. ముందు లాయర్‌ని అడగమను, తర్వాతే షాపు. మన ఊళ్ళో చిన్నోడు సైట్ ఒకటి సూట్‌కేసులో పెట్టుకు రమ్మన్నాడట. పెట్టకు. ఇవి అమెరికా ఎగుమతి నియంత్రణ జాబితాలో ఉన్న వస్తువులు.

ఒకటి చెప్పడం మర్చిపోయాను. డాట్ వచ్చేలోగా రెండు మూడు వారాలు ఇనుప సైట్లతోనే కొట్టు. మన హైదరాబాద్ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ కంచు పతకం తెచ్చింది బ్యాటరీ సైట్‌తో కాదు, చిన్న కన్నంలోంచి చూసే సైట్‌తో. విశాఖ బీచ్‌లో బెలూన్లు కొట్టేటప్పుడు నీకు ఎనిమిదేళ్ళు. ఆ బండివాడి తుపాకీ ముందు సైట్ వంకరగా ఉందని కనిపెట్టి, రెండు వేళ్ళు ఎడమకి పట్టి కొట్టావు, గుర్తుందా? పదికి ఏడు పగిలాయి.

థాంక్స్‌గివింగ్‌కి వస్తున్నారుగా. రైఫిల్ తేవక్కర్లేదు, నాది ఉంది. కొత్త కళ్ళజోడు తెచ్చుకో.

మీ మామయ్య