వంటింటి సందేహాలు: మురుకుల గొట్టంతో పాస్తా

ప్రశ్న: మా పాపకు పదేళ్లు. సీలియాక్ వ్యాధి (గోధుమలోని గ్లూటెన్ పడక పేగు దెబ్బతినే జబ్బు) ఉందని డాక్టరుగారు ఈమధ్యే నిర్ధారించి, గోధుమ కలిసిన ఏ పదార్థమూ పెట్టవద్దన్నారు. అన్నం, సంగటి, ఇడ్లీలతో రోజులు గడుస్తున్నాయి గానీ, స్నేహితుల పుట్టినరోజులకు వెళ్లి వచ్చినప్పుడల్లా పాస్తా కావాలని అడుగుతోంది. గ్లూటెన్ లేని పాస్తా తెప్పిస్తే ధర ఎక్కువ, పైగా ఉడికించగానే ముద్దయిపోయింది. బియ్యప్పిండితో ఇంట్లోనే చేసుకునే సులువైన పద్ధతి ఉందా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: ఉంది. మురుకుల గొట్టం, ఇడ్లీపాత్ర ఉన్న ఇంట్లో కొత్తగా కొనవలసిన సామాను కూడా ఏమీ లేదు. మామూలు పాస్తాను డ్యూరం అనే గట్టిరకం గోధుమ రవ్వతో చేస్తారు. ఆ రవ్వలో నీళ్లు పోసి కలిపినప్పుడు అందులోని మాంసకృత్తులు సాగే వలలా అల్లుకుని పిండిని పట్టి ఉంచుతాయి; ఆ అల్లికే గ్లూటెన్. బియ్యంలో ఆ గుణం లేదు కాబట్టి చన్నీళ్లతో కలిపిన బియ్యప్పిండిని ఎంతసేపు పిసికినా విరిగిపోతుంది. అదే పిండి మీద సలసల కాగే నీళ్లు పోస్తే, అందులోని గంజి ఉబ్బి జిగురుగా మారి, గ్లూటెన్ చేయవలసిన పనిని చాలావరకు తానే చేసిపెడుతుంది. ఇడియప్పం తీగలు తెగకుండా దిగడానికి కారణం ఇదే కనుక, ఇడియప్పం చేయడం వచ్చినవారికి ఈ పాస్తా సగం వచ్చినట్టే.

ఒక కప్పు బియ్యప్పిండిని రంగు మారకుండా సన్నని సెగ మీద వేయించి, రెండు చెంచాల సగ్గుబియ్యం పిండి, అర చెంచా ఉప్పు, ఒక చెంచా నూనె కలపండి. సగ్గుబియ్యం పిండి వేయకపోయినా పాస్తా వస్తుంది గానీ, నమిలినప్పుడు పంటికి తగలవలసిన ఆ కాస్త సాగుడు రాదు. తరువాత దాదాపు ఒక కప్పు మరిగే నీళ్లను కొద్దికొద్దిగా పోస్తూ గరిటె కాడతో కలిపి, మూత పెట్టి ఐదు నిమిషాలు వదిలేసి, చేయి ఓర్చుకునేంత వేడి ఉండగానే గట్టిగా మర్దించాలి. పిండి పాతదా కొత్తదా అన్నదాన్ని బట్టి నీళ్లు రెండు మూడు చెంచాలు అటూ ఇటూ అవుతాయి. ముద్దలో చిటికెడు తీసి వేళ్ల మధ్య నొక్కితే అంచులు పగలకూడదు. పగిలితే తడి చేత్తో మరికాస్త పిసకండి. వెడల్పు చీలిక ఉన్న రిబ్బన్ బిళ్లతో, నూనె రాసిన ఇడ్లీ గుంటల్లోకి పలుచగా ఒత్తి, ఎనిమిది నుంచి పది నిమిషాలు ఆవిరి మీద ఉడికించండి. నీళ్లలో వేసి ఉడికించాలన్న కోరిక కలుగుతుంది, కానీ ఈ పిండికి అంచులు కరిగిపోతాయి కాబట్టి ఆవిరే మేలు. దించిన తరువాత పూర్తిగా చల్లారేదాకా ముట్టుకోకండి. వేడి మీద కదిపితే ముద్దవుతుంది, ఆరితే తీగలు వాటంతటవే విడివడతాయి. పాపకు గవ్వల ఆకారం ఇష్టమైతే, చిన్న ఉండలను గవ్వల చెక్క మీద బొటనవేలితో నొక్కి, వాటినీ ఆవిరి మీదే ఉడికించవచ్చు. రాగిపిండి కలపాలనుకుంటే కప్పులో పావు వంతు మించకూడదు. అంతకు మించితే తీగలు తెగుతాయి.

ఇక అసలు జాగ్రత్త వంట దగ్గర కాదు, పిండి దగ్గర ఉంది. మీరు ఉత్తరంలో పిండి ఎక్కడ ఆడిస్తారో రాయలేదు. వీధి మరలో మీకంటే ముందువారు గోధుమలు ఆడించి ఉంటే, ఆ రాళ్ల మధ్యా గొట్టంలోనూ మిగిలిన గోధుమపిండి మీ బియ్యప్పిండిలోకి దిగుతుంది. గ్లూటెన్ రహితం అని ముద్ర వేసే ఆహారంలో కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదని మన ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నియమం. మరలో మిగిలే పిండి ముందు అది ఏపాటి! అందువల్ల బియ్యాన్ని కడిగి, రెండు గంటలు నానబెట్టి, గుడ్డ మీద ఆరబోసి, తడి పొడిగా ఉండగానే ఇంట్లో మిక్సీలో ఆడి జల్లించుకోండి. ఆ జల్లెడ గోధుమపిండి ఎన్నడూ తగలనిదై ఉండాలి. జల్లెడ కన్నాల్లో ఇరుక్కున్న పిండి ఎంత కడిగినా పోదు. చపాతీ పీట కూడా ఈ పనికి వద్దు. కిరాణా కొట్టులో విడిగా తూచి ఇచ్చే పిండికంటే సీలు వేసిన, గ్లూటెన్ రహిత ముద్ర ఉన్న పొట్లమే నయం.

సాసుకు మన వైపు టమోటాకు లోటు లేదు. పులుపుకు నాటు టమోటాలు రెండు, గుజ్జుకు హైబ్రిడ్ రకం రెండు తీసుకోండి. రెండు చెంచాల వేరుశనగ నూనెలో ఐదారు వెల్లుల్లి రెబ్బలు తరిగి వేసి, వాసన రాగానే టమోటా ముక్కలు, ఉప్పు, కొంచెం కారం వేసి, నూనె పైకి తేలేదాకా మగ్గించి, చివర మిరియాలపొడి, కొత్తిమీర వేసి పాస్తా కలపండి. ఇంగువ అలవాటున్నా వేయకండి, డబ్బాలో వచ్చే ఇంగువలో చాలావాటికి గోధుమపిండి కలుపుతారు. సోయా సాసులోనూ సాధారణంగా గోధుమ ఉంటుంది. తెల్ల సాసు అడిగితే మైదాకు బదులు ఒక చెంచా బియ్యప్పిండిని చల్లని పాలలో కలిపి కాచవచ్చు. అయితే వ్యాధి కొత్తగా బయటపడిన పిల్లల్లో కొందరికి పేగు కోలుకునేదాకా పాలు పడవు కాబట్టి, అది డాక్టరుగారిని అడిగి మొదలుపెట్టండి.

మిగిలినదాన్ని ఫ్రిజ్‌లో పెడితే బియ్యం గంజి గట్టిపడి తీగలు పెళుసుబారతాయి. మళ్లీ రెండు నిమిషాలు ఆవిరి పట్టిస్తే మెత్తబడతాయి. కొన్న పాస్తా ముద్ద కాకుండా ఉండాలంటే, వంద గ్రాములకు లీటరు చొప్పున నీళ్లు మరిగించి, పొట్లం మీద చెప్పిన సమయానికి రెండు నిమిషాల ముందు నుంచే ఒక ముక్క కొరికి చూస్తూ ఉండండి.

ప్రశ్న: పాస్తాను మైదాతో కాక రవ్వతో చేస్తారని పొట్లం మీద ఉంది. అంటే అందులో గ్లూటెన్ లేనట్టేనా? నాకు తరచూ కడుపు ఉబ్బరంగా ఉంటుంది, గోధుమ మానేసి చూద్దామనుకుంటున్నాను.
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: ఉంటుంది, దండిగా ఉంటుంది. మైదా, బొంబాయి రవ్వ, గోధుమ సేమ్యా, డ్యూరం రవ్వ, అన్నీ గోధుమ నుంచి వచ్చినవే. బార్లీ, రై ధాన్యాల్లోనూ ఇటువంటి మాంసకృత్తులే ఉన్నాయి. మానేసి చూడాలన్న ఆలోచనను మాత్రం కొన్నాళ్లు వాయిదా వేయండి. సీలియాక్ ఉందో లేదో తేల్చే రక్తపరీక్ష, పేగు ముక్క పరీక్ష గోధుమ తింటూ ఉన్నప్పుడే సరైన ఫలితం ఇస్తాయి. ముందే మానేస్తే జబ్బు ఉండి కూడా లేదని రావచ్చు. ముందు కడుపు జబ్బుల డాక్టరును కలిసి పరీక్ష చేయించుకోండి, పాస్తా సంగతి ఆ తరువాత చూడవచ్చు.